రెసిడెన్సీ పర్సనల్ స్టేట్‌మెంట్‌లో మన ఊరి ఫ్లోరోసిస్ గురించి రాయొచ్చా?

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ దగ్గర ఒక పల్లె. సర్కారు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ చేశాను. హౌస్ సర్జన్సీ అయ్యాక ఏడాదిన్నర పల్లె దవాఖానలో పనిచేశాను. ఆ తర్వాత నాన్నకు పక్షవాతం రావడంతో దాదాపు ఏడాది ఇంటి దగ్గరే ఉండిపోయాను. అమెరికా లైసెన్సు పరీక్షల్లో స్టెప్ 1 పాసయ్యాను, స్టెప్ 2 సీకే స్కోరు ఓ మోస్తరుగా వచ్చింది. ఈసారి అమెరికాలో రెసిడెన్సీకి, అంటే మన పీజీ లాంటి శిక్షణకు, ఇంటర్నల్ మెడిసిన్‌లోనూ ఫ్యామిలీ మెడిసిన్‌లోనూ అప్లై చేస్తున్నాను. మన గురించి మనమే రాసుకోవాల్సిన పర్సనల్ స్టేట్‌మెంట్ దగ్గర బండి ఆగిపోయింది. డ్రాఫ్టు జతచేస్తున్నాను. మా దగ్గరి ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు, కీళ్లు పట్టేసే జబ్బు) గురించి రాస్తే జాలి కోసం రాసినట్టు ఉంటుందా? నాన్న జబ్బు, ఆ గ్యాప్ చెప్పాలా, దాచాలా? నన్ను నేను పొగుడుకోవడం నాకు చేతకాదు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్లు డబ్బులు కడితే అంతా వాళ్లే రాసిస్తామంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. నాది మిర్యాలగూడ. ఇక్కడ అమెరికాలోనే ఇంటర్నల్ మెడిసిన్ చేసి, ఇప్పుడు మా విభాగంలో ఏటా అప్లికేషన్లు చదివేవాళ్లలో నేనూ ఒకదాన్ని. కాబట్టి బల్లకు ఇవతలివైపు నుంచి చెబుతున్నాననుకో.

నీ డ్రాఫ్టు "చిన్నప్పటి నుంచి డాక్టర్ కావాలన్నది నా కల" అని మొదలైంది. తర్వాత మీ తాతయ్య మరణం, ఆ తర్వాత వైద్యం ఎంత పవిత్రమైన వృత్తో ఒక పేరా. నిజమే అయ్యుండొచ్చు, కాదనను. కానీ సెప్టెంబరు చివర్లో మా ముందుకు వచ్చే కాగితాల్లో ఈ మొదలు ఎన్నిసార్లు కనిపిస్తుందో చెబితే నువ్వు నమ్మవు. తాతయ్య బదులు నానమ్మ ఉంటుంది, అంతే. అలాంటి మొదటి పేరాను కళ్లు చదవవు, దాటేస్తాయి. "హెయిలింగ్ ఫ్రమ్", "నోబుల్ ప్రొఫెషన్", "హంబుల్ బ్యాక్‌గ్రౌండ్" అన్న మాటలు కూడా అంతే. అవి మనకు స్కూల్లో వ్యాసరచన పోటీల నుంచి అంటుకున్న అలవాట్లు.

మూడో పేరా చివర్లో, ఎవరూ చూడని మూలలో ఒక వాక్యం పెట్టావు: ఫ్లోరోసిస్ ఉన్న ఒక వృద్ధుడు చాలాకాలంగా నొప్పి మాత్రలు వాడుతుంటే కిడ్నీ పరీక్ష చేయించి పెద్దాసుపత్రికి పంపానని. ఆ తాత సంగతేంటని నేను మెయిల్ పెడితే నువ్వు ఫోన్లో గబగబా టైప్ చేసి పంపిన జవాబు నీ డ్రాఫ్టు మొత్తం కన్నా బాగుంది. నీ అనుమతితో ఇక్కడ ఉన్నదున్నట్టు ఇస్తున్నాను:

"నడుము అస్సలు వంగదు అక్కా. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలె. నొప్పులకు ఏం వాడుతున్నవ్ తాతా అంటే ఏం లేదు బిడ్డా అన్నడు. నాకు నమ్మబుద్ధి కాలేదు. రేపు ఇంట్ల ఉన్న గోలీలన్నీ పట్టుకరమ్మన్న. తువ్వాలల మూటగట్టుకొచ్చిండు. అన్నీ కత్తెరతో కోసిన ముక్కలు, ఒక్కదాని మీద పేరు పూర్తిగ లేదు. ఒకదాని వెనక డైక్లో అని సగం కనబడ్డది. ఊర్ల ఆర్‌ఎంపీకి ఫోన్ చేసి అడిగితే మూడేండ్ల సంది రోజుకు రెండు ఇస్తున్న అన్నడు. రక్తం నల్లగొండకు పంపితే క్రియాటినిన్ 2.8 వచ్చింది. ఇంటికి నల్లా ఉంది గని కృష్ణ నీళ్లు సప్పగ ఉంటయని ఇంకా బోరు నీళ్లే తాగుతుండు. కిడ్నీ పనిచేయకపోతే ఫ్లోరైడ్ బయటికి పోదు కదా, అది ఇంకా ఎముకలల్లనే చేరుతది. ఆ సంగతి ఆయనకు ఎట్ల చెప్పాల్నో రెండు రోజులు ఆలోచించిన."

చూశావా, ఇందులో నిన్ను నువ్వు ఎక్కడా పొగుడుకోలేదు. అయినా ఇది చదివినవాళ్లకు నీ గురించి చాలా తెలుస్తుంది. రోగి "ఏం లేదు" అంటే అక్కడితో ఆగవు. గోలీలు కళ్లతో చూస్తావు. ఆర్‌ఎంపీని తిట్టడం తేలిక, నువ్వు ఫోన్ చేసి అడిగావు. వంగని నడుము, డైక్లోఫెనాక్ అనే నొప్పి గోలీలు, 2.8 క్రియాటినిన్‌తో బయటపడ్డ కిడ్నీ దెబ్బ, బోరు నీళ్లు ఈ నాలుగింటినీ ఒకచోటికి తెచ్చి ఆలోచించావు. ఇంటర్నల్ మెడిసిన్‌లో రోజూ చేసే పని అదే. "నాకు ఇంటర్నల్ మెడిసిన్ అంటే ఎంతో ఇష్టం" అని పది వాక్యాలు రాసినా రానిది ఆ తువ్వాల మూటతో వస్తుంది. స్టేట్‌మెంట్ అక్కడి నుంచే మొదలుపెట్టు.

అసలు మనకు ఇది ఎందుకు కష్టమో చెప్పనా? నీట్ పీజీలో ర్యాంకు వచ్చిందా, కౌన్సెలింగ్‌లో సీటు ఉందా, అంతే లెక్క. ఈ బ్రాంచే ఎందుకు, నువ్వు ఎలాంటి డాక్టర్‌వి అని ఇంటర్మీడియట్ నుంచి ఇప్పటివరకు నిన్ను ఎవరైనా అడిగారా? హఠాత్తుగా ఒక పేజీ తెల్లకాగితం ఇచ్చి అడిగేసరికి, గొప్పగా వినిపించే మాటల కోసం వెతుక్కుంటాం. ఇక్కడివాళ్లు అడిగేది గొప్పలు కాదు. రాత్రి డ్యూటీలో ఈ మనిషి నా పక్కన ఉంటే ఎలా ఉంటుంది, ఏదైనా తేడాగా కనిపిస్తే గమనిస్తుందా, తెలియనిది తెలియదని చెబుతుందా, వాళ్లు చూసేది ఇవి.

ఇక ఫ్లోరోసిస్ గురించి. తప్పకుండా రాయి. కానీ ఒక చిక్కు ఉంది. ఇక్కడ ఫ్లోరైడ్ అంటే మంచి మాట. పళ్లు పుచ్చిపోకుండా చాలా ఊళ్లలో మంచినీళ్లలో కావాలనే కలుపుతారు, లీటరుకు 0.7 మిల్లీగ్రాముల లెక్కన. కాబట్టి ఒహాయోలో కూర్చున్న ప్రోగ్రాం డైరెక్టర్‌కు "మా జిల్లా ఫ్లోరైడ్ పీడిత ప్రాంతం" అంటే ఏమీ అర్థం కాదు. టూత్‌పేస్టు గుర్తొస్తుంది. ఒకే ఒక్క వాక్యంలో చెప్పు: మా దగ్గర రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉండేదని, ఏళ్ల తరబడి అవి తాగినవాళ్లకు వెన్నెముక, కీళ్ల చుట్టూ ఉండే లిగమెంట్లు గట్టిపడి పట్టేస్తాయని. అక్కడితో చాలు. నల్లగొండ చరిత్ర, మర్రిగూడ, మునుగోడు, ఉద్యమాలు, ఎన్నికల హామీలు ఇవేవీ వద్దు. ఊరంతా వంకర కాళ్లతో ఉందన్నట్టు కూడా రాయకు, అది ఇప్పుడు నిజం కూడా కాదు. మిషన్ భగీరథ కింద నల్లా నీళ్లు వచ్చాయి, కొత్త పిల్లల సంగతి వేరు, పాత ఎముకల సంగతి వేరు. నువ్వు చూసింది ఆ పాత ఎముకల మనిషిని. ఆయన ఇంకా బోరు నీళ్లే ఎందుకు తాగుతున్నాడన్నది నీకు తెలుసు. జాలి పేజీకీ నీ పేజీకీ తేడా అదే.

ఈ తేడా ఇంకా స్పష్టంగా కావాలంటే, నారాయణపేట వైపు అబ్బాయి ఒకరి డ్రాఫ్టు చెబుతాను. మూడు పేరాలు పాలమూరు వలసల గురించే. ముంబయి బస్సులు, తాళాలు వేసిన ఇళ్లు, ముసలివాళ్ల దగ్గర వదిలేసిన పిల్లలు. బాగా రాశాడు, చదువుతుంటే గుండె బరువెక్కింది. తీరా చూస్తే అందులో ఆ అబ్బాయి లేడు. గుచ్చి గుచ్చి అడిగితే చివరికి చెప్పాడు: టీబీ మందులు మధ్యలో ఆపేసి పనికి వెళ్లిపోయే కూలీలను హౌస్ సర్జన్సీలో చూసి, డిశ్చార్జి రోజునే వాళ్ల మేస్త్రీ ఫోన్ నంబరు కూడా రాసుకోవడం మొదలుపెట్టాడట. ఫోన్ ఎత్తేది మేస్త్రీయే కాబట్టి! ఆ ఒక్క ముక్క డ్రాఫ్టులో లేదు. "అదేముంది మేడమ్, చిన్న విషయం" అన్నాడు. వలస గురించిన రెండు పేరాలు కొట్టేయించి ఆ చిన్న విషయం పెట్టించాను.

పొగుడుకోవడం చేతకాదన్నావు కదా. చేతకాకపోవడమే మంచిది. హార్డ్‌వర్కింగ్, కంపాషనేట్, డెడికేటెడ్, టీమ్ ప్లేయర్ అన్న మాటలు నీ డ్రాఫ్టులో ఎక్కడెక్కడ ఉన్నాయో చూసి కొట్టేయి. వాటి చోట చేసిన పని రాయి. ఇక్కడ ఇంకో అలవాటు అడ్డొస్తుంది. కేసు షీటు రాసీ రాసీ మన ఇంగ్లీషులో కర్త మాయమైపోతాడు. "పేషెంట్ వాజ్ ఎగ్జామిన్డ్, ఇన్వెస్టిగేషన్స్ వర్ సెంట్" అని రాస్తాం. ఎవరు చూశారు, ఎవరు పంపారు? "నేను" అని రాయడానికి సిగ్గుపడకు. అలాగని పీజీ డాక్టర్ చేసింది, అసిస్టెంట్ ప్రొఫెసర్ చేసింది నీ ఖాతాలో వేసుకోకు. యూనిట్ చేసింది యూనిట్ చేసిందనే రాయి. నువ్వు నస మాత్రమే పెట్టి సార్‌తో ఇంకో టెస్టు రాయించావా, అదే రాయి. రాసిన ప్రతి ముక్కా ఇంటర్వ్యూలో అడుగుతారు. క్రియాటినిన్ తర్వాత ఏం చేశారు, నొప్పికి బదులు ఏం ఇచ్చారు, ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల మధ్య పొర గట్టిపడింది కనిపించిందా, ఇలా. తడుముకోకుండా మాట్లాడగలిగింది మాత్రమే పేజీ మీద ఉండాలి.

తాత ఆ తర్వాత ఏమయ్యాడో నాకు చెప్పలేదు నువ్వు. బాగుపడకపోయినా పర్వాలేదు, రాయి. ప్రతి కథ చివర్లో రోగి చేతులు జోడించి దండం పెట్టాల్సిన పనిలేదు. పైగా అలాంటివి చదివితే అనుమానం వస్తుంది. ఆయన పేరు, ఊరి పేరు, గుర్తుపట్టగలిగే వివరం ఏదీ వద్దు. రోగి గోప్యత విషయంలో ఇక్కడ చాలా పట్టింపు. నువ్వు అది పాటించావా లేదా అన్నది కూడా చూస్తారు.

నాన్నగారి జబ్బు, గ్యాప్. దాచకు. దాచినా తేదీలు చూస్తే తెలిసిపోతుంది, ఖాళీని చదివేవాళ్లు తమకు తోచినట్టు పూరించుకుంటారు. రెండు మూడు వాక్యాలు చాలు: నాన్నకు స్ట్రోక్ వచ్చింది, దాదాపు ఏడాది దగ్గరుండి చూసుకున్నాను, ఇప్పుడు ఆయన పరిస్థితి ఇది, ఆ సమయంలో పరీక్షకు చదివాను. అంతకు మించి క్షమాపణలు వద్దు. తండ్రిని చూసుకోవడం నేరం కాదు కదా. ఒక్కటి మాత్రం ఆలోచించు. ఆ ఏడాది నువ్వు డాక్టర్‌గా కాకుండా రోగి ఇంటిమనిషిగా ఉన్నావు. మింగడం కష్టమైన మనిషికి అన్నం మెత్తగా కలిపి తినిపించడం, రాత్రి రెండుసార్లు లేచి పక్కకు తిప్పడం, ఫిజియోథెరపీ చేసే మనిషి రాకపోతే వ్యాయామాలు నువ్వే చేయించడం. డిశ్చార్జి కాగితం మీద ఒక్క లైనులో రాసేసే సలహా ఇంట్లో ఎంత పనో నీకిప్పుడు తెలుసు. అది నీ వైద్యంలో ఏమైనా మార్చిందనిపిస్తే ఒక వాక్యం రాయి, అనిపించకపోతే వదిలేయి. కష్టాన్ని పాఠంగా మార్చి తీరాలన్న రూలేమీ లేదు.

స్కోర్ల ప్రస్తావన స్టేట్‌మెంట్‌లో వద్దు, అవి వేరే చోట ఉన్నాయి. వీసా సంగతీ అంతే. ఇక్కడ అబ్జర్వర్‌షిప్ చేసి ఉంటే అబ్జర్వర్‌షిప్ అనే రాయి. పక్కన నిలబడి చూసినదాన్ని "మేనేజ్ చేశాను" అని రాసేవాళ్లున్నారు. అబ్జర్వర్‌కు రోగిని ముట్టుకునే వీలు లేదని చదివే ప్రతి ఒక్కరికీ తెలుసు. ఇంకొకటి, చివరి పేరాలో "చదువు పూర్తికాగానే మా ఊరికి తిరిగి వచ్చి సేవ చేస్తాను" అన్నావు. నిజంగా అనుకుంటున్నావా? అనుకుంటే ఉంచు, ఎలా చేస్తావో కూడా చెప్పు. బాగుంటుందని రాసి ఉంటే తీసేయి. దాని బదులు, డాక్టర్లు దొరకని పల్లె ప్రాంతాల్లో పనిచేయడం నీకు కొత్త కాదు కదా, ఇక్కడా అలాంటి ఊళ్లు బోలెడున్నాయి. ఆ ముక్క రాస్తే అబద్ధమాడాల్సిన పని లేదు.

ఫ్యామిలీ మెడిసిన్‌కు ఇదే కాగితం పంపకు. అప్లికేషన్లు పంపే ఆన్‌లైన్ వ్యవస్థ ఈరాస్‌లో ఎన్ని స్టేట్‌మెంట్లైనా పెట్టుకుని, ఏ ప్రోగ్రాంకు ఏది వెళ్లాలో విడివిడిగా అసైన్ చేయొచ్చు. తాత అదే, తువ్వాల మూట అదే, కానీ ఇంటర్నల్ మెడిసిన్‌కు రాసేటప్పుడు నాలుగు ముడులు విప్పిన తీరు మీద నిలబడు. ఫ్యామిలీ మెడిసిన్‌కు రాసేటప్పుడు ఆ తర్వాతి సంగతి మీద నిలబడు: ఆయన భార్య కూడా అదే ఆర్‌ఎంపీ దగ్గర అవే గోలీలు తెచ్చుకుంటోందా, ఇంట్లో పిల్లలు ఏ నీళ్లు తాగుతున్నారు, నువ్వు మళ్లీ ఎప్పుడు చూశావు. ప్రతిదానికీ నీకు అర్థమయ్యే పేరు పెట్టుకో, ఆ పేరు నీకు తప్ప ప్రోగ్రాంలకు కనిపించదు. అసైన్ చేసేటప్పుడు మాత్రం నిద్రమత్తులో చేయకు. ఇంటర్నల్ మెడిసిన్ వాళ్లమైన మాకు "పీడియాట్రిక్స్ నా ప్రాణం" అని చెప్పే స్టేట్‌మెంట్లు రావడం వింతేమీ కాదు. నవ్వుకుంటాం, పక్కన పెడతాం.

నిడివి ఒక పేజీ. పెట్టెలో 28,000 అక్షరాల దాకా పడతాయి కదా అని నింపకు. ఆరేడు వందల పదాలు దాటితే ఎవరికీ ఓపిక ఉండదు. వర్డ్‌లోంచి నేరుగా అతికిస్తే బోల్డు, ఇటాలిక్కులు పోతాయి, కొటేషన్ గుర్తులు పిచ్చి గుర్తులుగా మారతాయి. నోట్‌ప్యాడ్‌లో పెట్టి, అక్కడి నుంచి అతికించి, ప్రివ్యూ చూడు.

కన్సల్టెన్సీ విషయానికొస్తే, వద్దు. డబ్బు దండగ అన్నది చిన్న కారణం. వాళ్ల దగ్గర తువ్వాల మూట ఉండదు, తాతయ్య మరణమే ఉంటుంది. అదే పేరా ఇంకో పదిమందికి అమ్ముతారు. కాపీ అని తేలితే ఈరాస్ నడిపే ఏఏఎంసీ (అమెరికా మెడికల్ కాలేజీల సంఘం) విచారించి ప్రోగ్రాంలకు చెప్పే అవకాశం ఉంది. అక్కడితో నీ ఏళ్ల చదువు మట్టిపాలు. ఏఐ గురించి నువ్వు అడగలేదు కానీ అందరూ వాడుతున్నారని నాకు తెలుసు. ఆలోచనలు తట్టడానికి, తప్పులు దిద్దుకోవడానికి, ఎడిటింగ్‌కు వాడుకోవచ్చని ఏఏఎంసీ చెబుతోంది, కానీ చివరికి పంపేది నీ సొంత రచన అయి ఉండాలి, అలా అని నువ్వు ధ్రువీకరించాలి. గ్రామర్ దిద్దించుకో. "ఇంకా ఇంప్రెసివ్‌గా రాయి" అని మాత్రం అడగకు. తువ్వాల మూట కాస్తా "మందుల సమగ్ర సమీక్ష" అయి కూర్చుంటుంది.

రాసే పద్ధతి ఒకటి చెబుతాను, నీకు పనికొస్తుందని నీ మెయిలే రుజువు చేసింది. ముందు ఇంగ్లీషు ముట్టుకోకు. ఫోన్లో రికార్డరు ఆన్ చేసి ఆ తాత సంగతి మీ కో-ఇంటర్న్‌కు చెబుతున్నట్టు తెలుగులో చెప్పు. విని, అందులోంచి కళ్లకు కట్టేవి ఏరుకుని అప్పుడు ఇంగ్లీషులో రాయి. పొట్టి వాక్యాలు. ఇంగ్లీషు సాదాగా ఉంటే నష్టం లేదు, మేం చదివేది భాష కోసం కాదు. రాశాక ఇద్దరికి చూపించు. ఒకరు నీతో డ్యూటీ చేసినవాళ్లు, "ఇది నువ్వేనా" అని వాళ్లు చెప్పాలి. ఇంకొకరు నల్లగొండ అంటే ఎక్కడుందో తెలియనివాళ్లు, వీలైతే డాక్టర్ కానివాళ్లు. చదివాక కాగితం తీసేసుకుని ఏం గుర్తుంది అని అడుగు. తాత ఒక్కడే గుర్తుండి నువ్వు గుర్తులేకపోతే ఇంకోసారి కూర్చోవాలి.

అప్లికేషన్లు సెప్టెంబరు మొదట్లో తీసుకుంటారు, ప్రోగ్రాంలు చూడటం మొదలుపెట్టేది ఆ నెల చివర్లో. కానీ స్టేట్‌మెంట్ ఆగస్టులోపే పూర్తవ్వాలి, ఎందుకంటే సిఫార్సు ఉత్తరాలు రాసే మీ ప్రొఫెసర్లకు దాని కాపీ ఒకటి ఇవ్వాలి. మెడిసిన్ సార్‌కు నువ్వు గుర్తుండకపోవచ్చు, ఎన్నో బ్యాచ్‌లు చూసి ఉంటారు. కాగితం చేతికిచ్చి, ఆ తాత కేసు రెండు నిమిషాలు గుర్తుచేసి రా. కొత్త డ్రాఫ్టు రాశాక నాకూ పంపు. ఈసారి మొదటి వాక్యంలోనే ఆయన వంగని నడుము కనిపించాలి.